టికెట్ వెనక రాసిన నలభై

ప్రశ్న: పెద్దయ్య గారికి ప్రభువు నామంలో వందనాలు. నాకు 28 ఏళ్లు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమస్తాగా చేస్తున్నాను. నాలుగేళ్ల కింద బాప్తిస్మం తీసుకున్నాను. ఆదివారం ఆరాధనలో కీబోర్డు వాయిస్తాను. అంతకుముందు ఫోన్లో డబ్బులు పెట్టి రమ్మీ ఆడే అలవాటుండేది. 21 రోజుల ఉపవాస ప్రార్థన తర్వాత మానేశాను, సంఘంలో సాక్ష్యం కూడా చెప్పాను. ఏడాదిన్నర బాగానే ఉన్నాను. మొన్న వడ్ల సీజన్లో ఎవరో పంపిన లింకు నొక్కి మళ్లీ మొదలుపెట్టాను. 34 వేలు పోయాయి. మా ఆమెకు తెలియదు. ప్రార్థనలో కళ్లు మూసుకున్నా ముక్కలే కనిపిస్తున్నాయి. బాప్తిస్మం తీసుకున్నవాడికి ఇంకా ఇన్ని శోధనలు, పాపం వైపు లాగే ఆశలు ఎందుకు? అసలు నాకు రక్షణ కలిగిందా?
– పేరు వద్దు, మిర్యాలగూడ

జవాబు: బిడ్డా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ‘మా ఆమెకు తెలియదు’ అన్న దగ్గరే ఆగాను. ఆ సంగతికి మళ్లీ వస్తాను. ముందు బాప్తిస్మం గురించి అడిగావు కదా, అది చూద్దాం.

మత్తయి సువార్త తీయి. మూడో అధ్యాయం చివర యేసు ప్రభువు యొర్దానులో బాప్తిస్మం పొందాడు. నాలుగో అధ్యాయం మొదలుపెట్టగానే అరణ్యం, అపవాది, అంటే సాతాను. నలభై దినాల ఉపవాసం తర్వాత ఆకలిగా ఉన్న మనిషి దగ్గరికి వాడు ముందు రొట్టె సంగతే తెచ్చాడు. ఎవరికి ఏ టైములో ఏది కావాలో వాడికి తెలుసు. ఇంకో మాట చూడు, లూకా 4:13లో అపవాది ఆయనను ‘కొంతకాలము’ విడిచిపోయెను అని ఉంది. కొంతకాలమే. ప్రభువునే కొంతకాలం మాత్రమే వదిలినవాడు నిన్నూ నన్నూ బాప్తిస్మం సర్టిఫికెట్ చూసి వదిలేస్తాడా?

కాబట్టి శోధన రావడం పాపం కాదు. ఆయన కూడా మనవలెనే శోధింపబడ్డాడు, పాపం మాత్రం లేదు అని హెబ్రీయులకు రాసిన పత్రిక 4:15 చెబుతుంది. కళ్లు మూసుకుంటే ముక్కలు కనిపించడం శోధన. లింకు నొక్కడం పడిపోవడం. నువ్వు రెండింటినీ ఒకే మూటలో కట్టి మోస్తున్నావు, అందుకే అంత బరువు.

నా సంగతి ఒకటి చెబుతాను. నేను రిటైరయ్యే దాకా బస్సు కండక్టరును. 1994లో బాప్తిస్మం తీసుకున్నాను. మూడు నెలలు తిరిగాయో లేదో, మహబూబ్‌నగర్ నుంచి కల్వకుర్తి పోయే బండిలో ఒక ముసలమ్మ ఎక్కింది. కొంగుముడి విప్పి యాభై నోటు ఇచ్చింది. పది రూపాయల టికెట్. చిల్లర లేదు. అందరం చేసే పనే, టికెట్ వెనక ఎర్ర పెన్నుతో 40 అని రాసి, ‘దిగేటప్పుడు అడుగమ్మా’ అన్నాను. ఆమెకు చదువు రాదు. జడ్చర్ల దాటగానే కునుకు తీసింది. మిడ్జిల్‌లో ఎవరో లేపితే సంచి వెతుక్కుంటూ గబగబా దిగింది. అప్పటికి నా సంచిలో చిల్లర చేరింది. విజిల్ నోట్లోనే ఉంది. ఆమె దిగడం చూశాను. చూసి ‘రైట్ రైట్’ అన్నాను.

ఆ రోజుల్లో కూలి చేసుకునేవాళ్లకు నలభై రూపాయలంటే మాటలు కాదు. ముందు ఆదివారమే నేను సంఘంలో నిలబడి ‘ప్రభువు నన్ను పూర్తిగా మార్చాడు’ అని సాక్ష్యం చెప్పి ఉన్నాను. తర్వాత చాలా రోజులు మిడ్జిల్ స్టాపులో కిటికీలోంచి తల బయటపెట్టి చూసేవాణ్ణి. ఆమె మళ్లీ కనిపించలేదు. ఆ అప్పు నా మీద అట్లనే ఉంది.

నన్ను కాపాడింది పెద్ద ప్రార్థనేమీ కాదు. డ్యూటీ ఎక్కకముందే టీ కొట్టాయన దగ్గర నోట్లు ఇచ్చి చిల్లర మార్చుకోవడం మొదలుపెట్టాను. స్టాపు రాకముందే ‘చిల్లర రావాల్సినవాళ్లు తీసుకోండమ్మా’ అని అరిచేవాణ్ణి. డ్రైవరు నవ్వేవాడు. 1 కొరింథీయులకు 10:13లో ‘తప్పించుకొను మార్గము’ అని ఉంటుంది కదా, నాకు అది టీ కొట్టులో దొరికింది. నిజం చెప్పనా, ఆశ మాత్రం పోలేదు. రిటైరయ్యే దాకా ఎవరైనా నిద్రలో దిగిపోతుంటే ఒక్క క్షణం గుండె ఝల్లుమనేది.

నీకు ఆడాలనిపించేది ఏ టైములో? నువ్వు రాయలేదు. లోడింగ్ అయిపోయి, ఇంటికి పోబుద్ధి కాక ఆఫీసు రూములో ఒక్కడివే కూర్చున్నప్పుడా? ఆ గంట ఏదో నీకు తెలుసు. యాకోబు 1:15లో దురాశ ‘గర్భము ధరించి’ పాపమును కంటుందని ఉంది. గర్భం అన్నాడంటే మధ్యలో టైము ఉందని అర్థం. పని చేయాల్సింది ఆ టైములోనే. ముక్కలు పంచాక బైబిలు వెతకడం వేస్టు.

ఇక మీ ఆమె సంగతి. ఈ పుస్తకం పక్కన పెట్టి ఇవాళ చెప్పు. 34 వేలూ చెప్పు, ఇరవై అని చెప్పకు. జీతం పడే ఖాతా, ఫోన్‌పే పిన్ను కొన్నాళ్లు ఆమె చేతిలో పెట్టు. తిడుతుంది, తిట్టనీ. పోయిన డబ్బు ఆడి రాబట్టాలనుకోకు, అప్పు అసలే తేకు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని మన తెలంగాణలో 2017లోనే చట్టం నిషేధించింది. 2025లో దేశమంతటికీ చట్టం వచ్చింది. అంటే ఆ లింకు పంపినవాడికి నీ మంచితో పని లేదు. చేయి ఆగడం లేదనిపిస్తే 14416కు ఫోన్ చెయ్యి. టెలి మానస్ అంటారు, ప్రభుత్వానిది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. కొందరు అయ్యగార్లు దీన్ని అవిశ్వాసం అంటారు. జ్వరమొస్తే వాళ్లూ డోలో వేసుకుంటారు.

కీబోర్డు గురించి నువ్వు అడగలేదు, అయినా చెబుతాను. మీ సంఘ కాపరికి విషయం చెప్పి, రెండు నెలలు వెనక వరసలో కూర్చో. వాయించడం ఆపు, రావడం మాత్రం ఆపకు.

రక్షణ కలిగిందా అన్నావు. ‘చేయగోరని కీడు చేయుచున్నాను’ అని రోమీయులకు రాసింది కొత్త విశ్వాసి కాదు, పౌలు. ఎదుగుదల అంటే మనం 21 రోజుల్లో అయిపోయే పని అనుకుంటాం. మా మహబూబ్‌నగర్ పిల్లలమర్రి, ఆ పెద్ద మర్రిచెట్టు సంగతి నీకు తెలిసే ఉంటుంది. 2017 డిసెంబరులో చెదపట్టిన కొమ్మ విరిగిపడింది. ముందు కాండానికి రంధ్రాలు చేసి మందు పోశారు, అది బయటికి కారిపోయింది. 2018లో సెలైన్ సీసాలు కట్టి చుక్క చుక్కగా ఎక్కించారు, అప్పుడు లోపలికి దిగింది. బరువైన కొమ్మల కింద స్తంభాలు కట్టారు. ఉజ్జీవ సభల్లో పోసింది నాలోంచి కూడా చాలాసార్లు కారిపోయింది. రోజుకు ఒక అధ్యాయం, వారానికోసారి నిజం చెప్పుకోవడానికి ఒక మనిషి, నాకు దిగింది అదే. మీ ఆమెకు చెప్పాక మళ్లీ ఉత్తరం రాయి.

ప్రశ్న: మా స్త్రీల కూడికలో ప్రార్థన అంశాలు చెప్పుకునేటప్పుడు ఊళ్లోవాళ్ల ఇంటి సంగతులన్నీ బయటికొస్తున్నాయి. తప్పని తెలుసు, కానీ వినాలనిపిస్తుంది. ఇదీ శోధనేనా అయ్యగారూ?
– ఒక సోదరి, అచ్చంపేట

జవాబు: శోధనే తల్లీ, టీ బిస్కెట్లతో కలిసి వచ్చే శోధన. మా ఇంట్లో కూడిక పెట్టినప్పుడు నేను కూడా వరండాలో పేపరు తిరగేస్తూ ఒక చెవి లోపలే వేసేవాణ్ణి, కాబట్టి మిమ్మల్ని అనే హక్కు నాకు లేదు. ‘ఒక కుటుంబం కోసం’ అని చెప్పి ప్రార్థన మొదలుపెట్టండి, దేవునికి ఇంటి నంబరు చెప్పక్కర్లేదు. ‘ఎవరు వదినా?’ అని ఎవరైనా అడిగితే టీ గ్లాసులు కడగడానికి లేవండి.