డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌లో ఈమెయిల్ సౌకర్యానికి కాంపొనెంటు కొనాలా, ఉచితంగా దొరికేది చాలా?

మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్‌లో రాసిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచే ఖాతాదారులకు బిల్లులు మెయిల్‌లో వెళ్లాలని, అందుకు ఏ కాంపొనెంటు (సాఫ్ట్‌వేర్‌లో అమర్చుకునే రెడీమేడ్ కోడు) తీసుకోవాలని మీరు అడిగారు. ఉచితంగా దొరికే మెయిల్‌కిట్ చాలునన్నది నా అభిప్రాయం. అయితే ఏది ఎంచుకున్నా, బ్రోషరులోని సుగుణాల జాబితాను పక్కనపెట్టి, ముందుగా తెలుగు సబ్జెక్టుతో ఒక మెయిల్ పంపి చూడండి.

విజయవాడలో అపార్ట్‌మెంట్ సంఘాలకు నిర్వహణ రుసుముల సాఫ్ట్‌వేర్ తయారుచేసే చిన్న సంస్థలో నేను చేరేనాటికే, డెవలపర్‌కు ఇంత చొప్పున లైసెన్సు కట్టి ఒక విదేశీ కాంపొనెంటును కొని ఉంచారు. ‘పరీక్ష’ అనే సబ్జెక్టుతో పంపినప్పుడు అది చక్కగా పనిచేసింది. తీరా అసలు బిల్లులు వెళ్లాక ఒక సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, “ఏమండీ, ‘నిర’ అని ఉంది, మధ్యలో ఏవో ప్రశ్నార్థకాలు, తరువాత ‘వహణ’ అని ఉంది. తెరవొచ్చా, వైరసా?” అని అడిగారు. అదే మెయిల్ ఆ సంఘం కోశాధికారి ఫోనులో సవ్యంగా కనిపించింది.

మెయిల్ సబ్జెక్టులోని తెలుగును ఆర్‌ఎఫ్‌సీ 2047 అనే ఈమెయిల్ ప్రమాణం ప్రకారం ముక్కలుగా ఎన్‌కోడ్ చేస్తారు. ఒక్కో ముక్క 75 క్యారెక్టర్లు దాటకూడదు కనుక, చుట్టూ ఉండే గుర్తులు పోగా బేస్64లో (బైట్లను ఇంగ్లీషు అక్షరాలు, అంకెలుగా రాసే పద్ధతిలో) 45 బైట్లు పడతాయి. అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరమైనా, గుణింతపు గుర్తైనా, పొల్లైనా 3 బైట్లే, 45 మూడుకు గుణిజమే కాబట్టి, ఖాళీలు లేని తెలుగును 45 దగ్గర కోసినా ప్రమాదం లేదు. కానీ ఖాళీ 1 బైటే. “ఫిబ్రవరి నెల నిర్వహణ బిల్లు” అనే సబ్జెక్టులో రెండు ఖాళీలు దాటేసరికి ఆ కోత సరిగ్గా ‘ర్వ’లోని పొల్లు మధ్యలో పడింది. ఒక అక్షరాన్ని రెండు ముక్కలకు పంచకూడదని అదే ప్రమాణం చెబుతున్నా ఆ కాంపొనెంటు పట్టించుకోలేదు. ముక్కలను కలిపాక చదివే యాప్‌లో ఈ లోపం కనబడదు, ఏ ముక్కకు ఆ ముక్క చదివే యాప్‌లో బయటపడుతుంది. సబ్జెక్టును ఇంగ్లీషులో పెట్టుకోమని ఆ కంపెనీ సపోర్టువారు ఇచ్చిన సలహా నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మెయిల్‌కిట్‌లో మెయిల్‌ను కూర్చిపెట్టే మైమ్‌కిట్‌కు మారాక ఈ బెడద పోయింది. ఎంఐటీ లైసెన్సు కావడంతో వాణిజ్య సాఫ్ట్‌వేర్‌లోనూ నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. మెయిల్ పంపడానికి డాట్‌నెట్‌తోనే వచ్చే ఎస్‌ఎంటీపీక్లయింట్‌ను కొత్త పనులకు వాడవద్దని మైక్రోసాఫ్ట్ పత్రాలే చెబుతున్నాయి. మెయిల్ సర్వర్‌లో మొదటి నుంచే ఎన్‌క్రిప్షన్ కోరే 465 పోర్టుతో (ప్రవేశ ద్వారంతో) అది పనిచేయదు. అవుట్‌లుక్‌ను తెర వెనుక నడిపించి మెయిల్ పంపే పాత కిటుకును నమ్ముకోవద్దు. కొత్త అవుట్‌లుక్‌లో ఆ దారి మూసుకుపోయింది.

ఇక లాగిన్ సంగతి. వ్యక్తిగత జీమెయిల్ ఖాతాలలోకి మామూలు పాస్‌వర్డుతో ఇతర సాఫ్ట్‌వేర్లు ప్రవేశించడాన్ని గూగుల్ 2022 మే 30న ఆపేసింది. రెండంచెల భద్రత పెట్టుకుని, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డు తీసుకోమని కార్యదర్శులకు ఫోనులో వివరించడమంటే నెలనెలా అదొక ప్రహసనం, ఎందుకంటే ఆ పదవి చేతులు మారినప్పుడల్లా కథ మళ్లీ మొదటికి వస్తుంది. పాస్‌వర్డు చెప్పకుండానే సాఫ్ట్‌వేర్‌కు అనుమతి ఇచ్చే ఓఆథ్ మేలైన దారే గాని, టోకెన్ (ఆ అనుమతికి గుర్తుగా ఇచ్చే సంకేతం) చేతికిస్తే మెయిల్‌కిట్ లాగిన్ అవుతుందే తప్ప టోకెన్‌ను తానుగా తెచ్చిపెట్టదు. అందుకు గూగుల్ వారి లైబ్రరీ వేరుగా కావాలి. పైగా మెయిల్ పంపే ప్రామాణిక పద్ధతైన ఎస్‌ఎంటీపీ ద్వారా పంపాలంటే మెయిల్ పెట్టె మొత్తానికీ అనుమతి అడగాలి. బయటి ఖాతాదారులకు అమ్మే సాఫ్ట్‌వేర్‌కు ఆ అనుమతి కావాలంటే గూగుల్ పరిశీలన దాటాలి కాబట్టి, ఒక్క వరుస కోడు రాయకముందే ఆ దరఖాస్తుకు కావలసిన పత్రాలు సిద్ధం చేసుకోండి.