తోట సందేహాలు: డాఫోడిల్ పూయలేదేం?

ప్రశ్న: డాఫోడిల్ (చలి దేశాల్లో వసంతంలో పూసే పూలమొక్క) దుంపలు తెప్పించి అక్టోబరులో కుండీలో నాటాను. ఆకులు ఏపుగా వచ్చాయి, ఒక్క పువ్వూ లేదు. ఎరువు చాలలేదా?
– ఒక పాఠకురాలు, రాయగడ (ఒడిశా)

జవాబు: ఎరువు కాదండీ, చలి చాలలేదు. మామూలు డాఫోడిల్ దుంప 12 నుంచి 15 వారాలు 9 డిగ్రీల లోపు చల్లదనంలో ఉంటేనే పూకాడ సరిగా సాగుతుంది. మన దగ్గర చలికాలపు రాత్రులు అందుకు సరిపోవు.

దుంపల్ని సెప్టెంబరు మొదట్లో కాగితం సంచిలో ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. ఫ్రీజర్‌లో వద్దు. పక్కన యాపిల్, అరటి అసలే ఉండకూడదు. పండ్ల నుంచి వచ్చే ఇథిలిన్ వాయువుకు లోపలి మొగ్గ చచ్చిపోతుంది. సంచి మీద పేరు రాయండి. చూడ్డానికి ఉల్లిగడ్డలానే ఉంటుంది, తింటే విషం.

డిసెంబరులో ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలిపి, 5 సెంటీమీటర్ల దుంపైతే 10–15 సెంటీమీటర్ల లోతున, మొన పైకి ఉండేలా నాటండి. పచ్చిపేడ వేస్తే కుళ్లుతుంది. ఉదయపు ఎండ చాలు.

పూత అయ్యాక కాడ మాత్రమే కోయండి. ఆకులు వాటంతటవే పండేదాకా ముట్టుకోవద్దు. తొలకరికి ముందే దుంపలు తవ్వి నీడలో ఆరబెట్టాలి. ఇంత చేసినా రెండో ఏడు పూత అనుమానమే. ఈ శ్రమంతా వద్దనుకుంటే డాఫోడిల్‌లోనే పేపర్‌వైట్ అనే రకం తెచ్చుకోండి, దానికి చలి అక్కర్లేదు.