నాన్న ఊరు గుర్తొచ్చేలా బిడ్డకు ఏం పేరు పెట్టాలి?

నాన్నగారు పోయి ఆరు నెలలైందనీ, ఆయన సొంతూరు రాజోలు గుర్తుండేలా పుట్టబోయే బిడ్డకు పేరు పెట్టాలనుందనీ, అత్తింట్లో మాత్రం "ఊరి పేరేంటి" అంటున్నారనీ రాశారు. మేం కూడా బెంగళూరులోనే ఉంటాం, నాలుగేళ్ళ కిందట ఇదే పని చేశాం.

ముందు మీవాళ్ళకి చెప్పండి, ఊళ్ళ పేర్లు మనుషులకి పెట్టడం మనకి కొత్త కాదు. సింహాచలం, భద్రాచలం, తిరుపతి, యాదగిరి ఏమిటి మరి? మా నెల్లూరు వైపైతే పెంచలకోన స్వామి పేరున వీధికొక పెంచలయ్య ఉంటాడు, మాలకొండ స్వామి పేరున మాల్యాద్రులు, మాలకొండయ్యలు. కాకపోతే మన ఇంటిపేర్లు చాలావరకు ఊళ్ళ పేర్లే కాబట్టి, రాజోలు అని ఉన్నదున్నట్టు పెడితే బళ్ళో దాన్ని ఇంటిపేరు అనుకుంటారు. అది వద్దు.

మా అవ్వది పెన్న ఒడ్డున పల్లె, నన్ను పెంచింది ఆవిడే. మొదట ఆవిడ పేరే పెడదామనుకున్నాం, మా అమ్మ ఒప్పుకోలేదు. అత్తగారి పేరున్న పిల్లని ఒసేయ్ అని ఎలా పిలవను, కోపమొస్తే ఏమని తిట్టను అంది. ఆ మాటా నిజమే. అప్పుడు అవ్వ నోట్లో రోజూ నలిగిన మాట ఏదా అని ఆలోచిస్తే తట్టింది, ఏరు. ఫోన్ చేసినప్పుడల్లా నేను బాగున్నానా అని అడిగాక తర్వాతి మాట ఏటి గురించే, సోమశిల డ్యామ్ నుంచి నీళ్ళు వదిలారంటే ఆ రోజు ఆవిడ గొంతే వేరుగా ఉండేది. పెన్నకి ఇంకో పేరు పినాకిని. పాపకి అదే ఖాయం చేసుకున్నాం.

మా అత్తగారు "అది రైలు పేరు కదమ్మా" అన్నారు. విజయవాడ, చెన్నై మధ్య పినాకిని ఎక్స్‌ప్రెస్ ఉంది, నెల్లూరు మీదుగానే పోతుంది, కాదనలేం. అప్పుడు మా ఆయన మ్యాప్ తెరిచి ఆవిడ పక్కన కూర్చున్నాడు. 597 కిలోమీటర్ల పెన్న పుట్టేది మన ఇంటికి 60 కిలోమీటర్ల దూరంలో, నంది కొండల దగ్గర చెన్నకేశవ కొండ మీద, అక్కడి నుంచి అనంతపురం, కడప దాటుకుని నెల్లూరు చేరి సముద్రంలో కలుస్తుంది అని వేలితో చూపించాడు. మనవరాలు ఉండే చోటికి దగ్గర్లో పుట్టి అవ్వ ఊరికి పోయే ఏరన్నమాట. ఆవిడ ఇంకేం మాట్లాడలేదు, నాకు మాత్రం ఏడుపు ఆగలేదు. మా పక్కింటి కన్నడ ఆంటీ అయితే, హొసకోటె వైపు పారేది దక్షిణ పినాకిని, ఇది మా పేరు కూడా అని ఎంత సంతోషపడిందో.

నక్షత్రం గురించి టెన్షన్ పడకండి. మా పాపది రోహిణి రెండో పాదం, 'వా' అక్షరం రావాలన్నారు. బారసాలలో బియ్యం మీద ముందు ఆ అక్షరంతో జన్మనామం రాసి, దాని కింద పినాకిని అని రాశాం. పంతులుగారు ఏమీ అనలేదు.

ఇక మీ సంగతి. రాజోలు అనగానే అందరూ మీకు గౌతమి అని చెప్తారు. మంచి పేరే, కానీ అది యానాం వైపు పోయే గోదావరి పాయ. మీ నాన్నగారి ఊరి వైపు ఒక పక్క వశిష్ఠ పాయ, ఇంకో పక్క వైనతేయ. బాబైతే వశిష్ఠ అని పెట్టుకోవచ్చు. పాపైతే వినత అని పెట్టండి అంటాను. వైనతేయుడంటే వినత కొడుకు, గరుత్మంతుడు, అంటే ఆ పాయ పేరులో ఉన్నదే ఈ వినత. పలకడం తేలిక, మీ బెంగళూరు స్నేహితులు కూడా ఒక్కసారికే సరిగ్గా అంటారు. వశిష్ఠలో 'ఠ' దగ్గర కొంచెం ఇబ్బంది ఉంటుంది. చెన్నైలో మా పిన్ని పినాకినిని పినాగిని అంటుంది, తమిళంలో అలాగే చదువుతారు మరి, మాకు అలవాటైపోయింది. ఇంగ్లీషు స్పెల్లింగ్ మాత్రం ఒకటే అనుకుని అన్ని కాగితాల్లోనూ అదే రాయించండి.

తొందరేం లేదు. పుట్టిన 21 రోజుల్లోపు నమోదు చేయించండి, పేరు ఖాళీగా వదిలినా 12 నెలల్లోపు రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు. ఈలోగా మీ అమ్మగారిని కూర్చోబెట్టి అడగండి, నాన్నగారు ఊరి గురించి చెప్పేటప్పుడు ముందు ఏ మాటతో మొదలుపెట్టేవారని. ఆయన రెండు పాయల్లో దేని పేరూ ఎత్తి ఉండకపోవచ్చు, ఏ రేవో, ఏ కొబ్బరితోటో అయి ఉండొచ్చు. అలాగైతే నేను చెప్పినవన్నీ పక్కన పెట్టేయండి. ఆయన మాట ఏదో నాకు చెప్తే, దానికి తగ్గ పేరు నేను కూడా వెతుకుతాను.