డ్రోన్ మోటారు కింద వెంట్రుకంత బీట

ప్రశ్న: నా దగ్గర పాత ఫాంటమ్ 3 డ్రోన్ ఉంది. ఒక్కసారీ కింద పడలేదు. అయినా మోటారు స్క్రూల చుట్టూ సన్నటి బీటలు కనిపిస్తున్నాయి. స్క్రూలు వదులవుతాయేమోనని ఎగరేసిన ప్రతిసారీ బిగిస్తుంటాను. ఫెవిక్విక్ వేస్తే ఆగుతాయా?

జవాబు: ఫెవిక్విక్ జోలికి పోకండి. ఎండాక పెళుసెక్కి మోటారు అదురుకు నిలవదు. పడకుండానే బీట పుట్టిందంటే అనుమానించాల్సింది ఆ బిగింపునే. స్క్రూ తల కింద ఉన్నది ప్లాస్టిక్. మరీ బిగిస్తే, డ్రోన్ పెట్టెలో ఉన్న రోజుల్లోనూ ఆ ఒత్తిడి రంధ్రం అంచుమీదే ఉంటుంది. దానికి అదురు, ఎండలో ఆపిన కారులోని వేడి తోడైతే అక్కడి నుంచే బీట పాకుతుంది. స్క్రూడ్రైవర్‌ను రెండు వేళ్లతోనే పట్టుకోండి. తల ఆనాక ఇంకాస్త కదిలిస్తే చాలు. నాలుగింటినీ ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించండి. పొడవైన స్క్రూలు వాడితే మోటారు వైండింగ్‌ను (లోపలి రాగితీగ చుట్టను) తాకే ప్రమాదముంది.

చాలామందికి తెలియని ముద్దాయి థ్రెడ్‌లాకర్. అది స్క్రూ వదులవకుండా లోహపు మరల మధ్య వేసే జిగురు. కారి పాలికార్బనేట్, ఏబీఎస్ లాంటి ప్లాస్టిక్‌కు తగిలిందంటే, బిగువు మీదున్న చోట పగులుతుంది. తప్పదనుకుంటే స్క్రూ చివరి రెండు మూడు చుట్లకు టూత్‌పిక్ మొనతో అంటించండి. సీసాతో నేరుగా పోయొద్దు. తుడవడానికి సబ్బునీళ్లు చాలు. థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ అసలొద్దు.

ఇప్పుడున్న బీటల సంగతి. టార్చిని పక్కనుంచి వేసి చూస్తే బీట ఎక్కడిదాకా వెళ్లిందో తెలుస్తుంది. దాని కొసన పెన్సిల్‌తో గుర్తు పెట్టి అయిదారుసార్లు ఎగరేశాక మళ్లీ చూడండి. గుర్తు దాటితే షెల్ (డ్రోన్ పై తొడుగు) విప్పి, వైర్లు పక్కకు జరిపి, బీట కొస సరిగ్గా లోపల పడేలా 1 నుంచి 1.5 మి.మీ. రంధ్రం చేతి డ్రిల్‌తో వేయండి. బీట మొన అందులో మొద్దుబారి ఆగుతుంది. లోపలివైపు కాస్త గరుకు కాగితంతో రుద్ది, ఫైబర్‌గ్లాస్ గుడ్డ ముక్కను ఆరల్డైట్‌తో అతికి ఒక రోజంతా వదిలేయండి.

అంచు చిట్లిన ప్రొపెల్లర్‌ను పారేయండి. బ్యాలెన్స్ తప్పిన రెక్క అదురే షెల్‌కు చేటు.

బీట రెండు స్క్రూ రంధ్రాలను కలిపేసినా, ఆర్మ్‌ను మెల్లగా వంచితే నోరు తెరిచినా అతుకులు పనికిరావు. షెల్ మార్చండి. మార్చాక కంపాస్, ఐఎంయూ (డ్రోన్ వంపును, కదలికను పసిగట్టే సెన్సర్) రెండూ క్యాలిబ్రేట్ చేశాకే గాల్లోకి లేపండి.