కాలేజీలో స్టార్టప్‌లు రావాలంటే ముందు లెక్చరర్లకు ఏ ట్రైనింగ్ ఇవ్వాలి?

ఒక సెమిస్టర్ పాటు వాళ్లను కస్టమర్ల గుమ్మం ముందు నిలబెట్టండి. మిగతా ట్రైనింగులన్నీ ఆ తర్వాతే. 12 ఏళ్లుగా ఇంజనీరింగ్ పాఠాలు చెబుతున్నాను. అందులో నాలుగేళ్లు కాలేజీ ఆంత్రప్రెన్యూర్‌షిప్ సెల్ బాధ్యత కూడా నాదే.

ఆ బాధ్యత అప్పగించినప్పుడు నాకిచ్చిన శిక్షణ రెండు రోజులు. వ్యాపార ఆలోచనను ఒకే పేజీలో చూపించే పట్టిక బిజినెస్ మోడల్ కాన్వాస్‌లో తొమ్మిది గడులు ఎలా నింపాలో చూపించి, సర్టిఫికెట్ చేతిలో పెట్టి ఫోటో తీశారు. మర్నాటి నుంచి నేను మెంటర్‌ని. అప్పటికి జీవితంలో ఒక్క వస్తువు ఎవరికీ అమ్మి ఎరగను.

ఆ ఏడాది పోటీకి థర్డ్ ఇయర్ పిల్లలు నలుగురు ఒక బెల్టు తయారుచేశారు. పెద్దవాళ్లు దాన్ని నడుముకు కట్టుకుంటే, పడిపోయిన వెంటనే ఇంట్లోవాళ్ల ఫోన్‌కు మెసేజ్ వెళ్తుంది. సెన్సార్ చక్కగా పనిచేసింది. ఐదేళ్ల లాభాల లెక్కలతో 40 పేజీల బిజినెస్ ప్లాన్ కూడా రాశారు. డిజైన్‌కు పదికి తొమ్మిది మార్కులు వేసింది నేనే. ఫస్ట్ ప్రైజ్ వాళ్లకే వచ్చింది.

పదిహేను రోజుల తర్వాత ఆ టీమ్‌లోని అమ్మాయి నా గదికి వచ్చి బెల్టును టేబుల్ మీద పెట్టింది. "మేడమ్, మా నానమ్మ దీన్ని మూడు రోజులే కట్టుకుంది. తర్వాత సొరుగులో పడేసింది" అంది. ఎందుకని అడిగితే ఛార్జింగ్ పెట్టే చోటు చూపించింది. సన్నటి రంధ్రం, దాని మీద రబ్బరు మూత. ఆవిడకు చేతులు వణుకుతాయి. ఆ మూతను గోటితో లేపడమే కష్టం, ఇక పిన్ను దూర్చడం ఆవిడ వల్ల అయ్యే పని కాదు. రోజూ రాత్రి ఎవరో ఒకరిని పిలవాలి. "ఎవరినీ పిలవక్కర్లేకుండా ఉంటుందనే కదా ఇది ఇచ్చావు, మళ్లీ దీని కోసం మిమ్మల్ని పిలవాలా అంది మేడమ్." చెబుతుంటే ఆ పిల్ల గొంతు మారిపోయింది. కాసేపాగి, "కస్టమర్ దగ్గరికి వెళ్తే మీరు మొదట ఏం అడుగుతారు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆ శనివారం నుంచి వాళ్లతో పాటు నేనూ తిరిగాను. మొత్తం 23 ఇళ్లు. మొదటి ఇంట్లో పెద్దాయన నోరు తెరవకముందే బెల్టు గురించి పది నిమిషాలు పాఠం చెప్పేశాను. ఆయన మర్యాదకు "బాగుందమ్మా" అన్నారు. అది నిజమనుకుని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఏడెనిమిది ఇళ్లు తిరిగితే గానీ ఊరుకుని వినడం నాకు అలవాటు కాలేదు. విన్నాక అసలు సంగతి తెలిసింది. చాలామందికి భయం పగలు పడిపోతామని కాదు, రాత్రి బాత్రూమ్‌కు లేవడమంటేనే భయం. లైటు స్విచ్ మంచానికి అందదు. పిల్లలు బెల్టు పక్కన పెట్టి, మంచం మీంచి కాలు కింద పెట్టగానే దానంతటదే వెలిగే లైటు మొదలుపెట్టారు.

ఇది నా సొంత పద్ధతి కాదు. 2011లో సిలికాన్ వ్యాలీ వ్యాపారవేత్త స్టీవ్ బ్లాంక్ స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో మొదలుపెట్టిన కోర్సు విద్యార్థులను క్లాసు దాటించి కస్టమర్ల దగ్గరికే పంపింది. అదే ఏడాది అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ పరిశోధకుల కోసం ఈ పద్ధతితోనే ఐ-కోర్ అనే శిక్షణ కార్యక్రమం తెచ్చింది. ఏడు వారాల్లో వందమందితో మాట్లాడాలి, ప్రొఫెసర్ కూడా ఆ టీమ్‌లో ఒకరు. సొంతంగా ఏదైనా మొదలుపెట్టేవాళ్లకు ఏమేం రావాలో చెబుతూ యూరోపియన్ కమిషన్ 2016లో ఇచ్చిన ఆంత్రకాంప్ అనే జాబితాలో 15 సామర్థ్యాలున్నాయి. అవకాశాన్ని పసిగట్టడం, ఏమవుతుందో తెలియనప్పుడు నిలదొక్కుకోవడం, అనుభవంతో నేర్చుకోవడం అందులోవే. రెండు రోజుల స్లైడ్లతో వీటిలో ఒక్కటీ రాదు, నేను ఖాయంగా చెప్పగలను.

ఇంకో మాట కూడా చెప్పాలి. క్లాసులు, పేపర్లు దిద్దడం, అడ్మిషన్ డ్యూటీ అన్నీ అలాగే ఉంచి, పైన మెంటరింగ్ వేస్తే ఏ లెక్చరర్ చేస్తారు? ప్రమోషన్‌కు పరిశోధన పత్రాలు లెక్కపెడతారు, పిల్లలతో తిరిగిన శనివారాలు ఎవరూ లెక్కపెట్టరు. వారానికి కనీసం నాలుగు గంటల క్లాసులు తగ్గించండి. రిజిస్టరైన కంపెనీల సంఖ్య అడగడం మానేయండి. ఆ సంఖ్య కోసమే పెట్టించిన కంపెనీని మూసేయలేక అవస్థపడిన పిల్లలను చూశాను.

స్టాఫ్ అంటే లెక్చరర్లే అనుకోవడం ఇంకో పొరపాటు. లైటుకు కావాల్సిన చిన్న సెన్సార్ కోసం మూడు కొటేషన్లు, ఐదు సంతకాలు, 40 రోజులు పట్టాయి. సోల్డరింగ్ దగ్గర కూర్చుని తప్పులు దిద్దింది ల్యాబ్ టెక్నీషియన్, ఆయన పేరు ఏ రిపోర్టులోనూ లేదు. అందుకే ఒక శనివారం స్టోర్స్ క్లర్క్‌ను కూడా మాతో రమ్మని బతిమాలాను. ఆ రోజు వెళ్లిన ఇంట్లో ఒక తాతగారు లైటును చేతుల్లోకి తీసుకుని, ఎవరు పెద్దో తెలియక, నేరుగా ఆ క్లర్క్‌నే "బాబూ, ఇది నాకెప్పుడిస్తారు?" అని అడిగారు. తర్వాతి సెన్సార్ల ఫైలు మూడు రోజుల్లో కదిలింది.