పికప్ బండికి ఏ ఆయిల్? పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ప్రశ్న: మాకు రెండు డీజిల్ పికప్ బండ్లు ఉన్నాయి. ఒకటి 2018 నాటి బి.ఎస్.-4 పొగ ప్రమాణానిది, రెండవది 2022లో కొన్న బి.ఎస్.-6. రెండింటిలోనూ నిమ్మకాయల బస్తాలు గూడూరు మార్కెట్‌కు తోలుతాము. పాత బండికి పోసే 15డబ్ల్యూ-40 ఆయిలే కొత్తదానికీ చాలునని మెకానిక్ అంటున్నాడు. ఇక్కడి ఎండలకు ఇంకా చిక్కటిదైతే మేలని షాపువారు చెబుతున్నారు. ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకుడు, పొదలకూరు

సమాధానం: ఇద్దరూ చిక్కదనం ఒక్కదానినే చూసి మాట్లాడుతున్నారు. 15డబ్ల్యూ-40లో డబ్ల్యూకు ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలికగా కదులుతుందో, తరువాతి అంకె 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా నిలుస్తుందో తెలుపుతాయి. ఈ అంకెలు ఒకటే అయిన రెండు డబ్బాలలో వేరువేరు రసాయనాలు కలిసి ఉండవచ్చు. ఆ తేడాను తెలిపేది ఎ.పి.ఐ. (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) అన్న అక్షరాల పక్కన ఉండే సి.ఐ.-4 ప్లస్, సి.కె.-4 వంటి గుర్తు.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బి.ఎస్.-6 అమలులోకి రావడంతో డీజిల్ పికప్‌ల పొగగొట్టంలో డి.పి.ఎఫ్. అనే మసి ఫిల్టర్ చేరింది. అది మసిని పట్టి ఉంచి, తగినంత వేడి అందినప్పుడు కాల్చివేస్తుంది. అయితే ఎంత మంచి ఇంజన్‌లోనైనా పిస్టన్ రింగులను దాటి వచ్చిన ఆయిల్ కొద్దిగా కాలుతూనే ఉంటుంది. అప్పుడు అందులోని కాల్షియం, మెగ్నీషియం, జింకు బూడిదగా మారి ఆ ఫిల్టర్‌లోనే చేరతాయి. మసి కాలిపోతుంది గాని బూడిద మళ్లీ కాలదు, పేరుకుపోయి దారి మూసివేస్తుంది. సి.కె.-4 ఆయిల్‌లో బూడిద ఒక శాతానికి మించరాదన్న హద్దు ఉంది, పాత సి.ఐ.-4 తరానికి అది లేదు. డీజిల్‌లోని గంధకం వల్ల పుట్టే ఆమ్లాన్ని విరచడానికి పాత ఆయిళ్లలో ఆ లోహాలు ఎక్కువగా కలిపేవారు. బి.ఎస్.-4 డీజిల్‌లో పది లక్షల వంతులకు 50 వంతుల వరకు ఉండనిచ్చిన గంధకం ఇప్పుడు 10 వంతులు దాటరాదు కనుక, ఆ అవసరమూ తగ్గింది.

కాబట్టి పాత బండి ఆయిల్‌ను కొత్తదానికి పోయకండి. కొత్తదాని ఆయిల్‌ను పాతదానికి పోయడంలో మాత్రం ఇబ్బంది లేదు, ఎందుకంటే సి.కె.-4 తనకు ముందున్న సి.ఐ.-4 స్థానంలో పనిచేసేలా తయారైనదే. రెండు బండ్లతో కంపెనీ ఇచ్చిన సూచనల పుస్తకాలలోనూ ఒకే చిక్కదనం రాసి ఉంటే సి.కె.-4 ఒక్కటే కొనుక్కోండి. ధర కాస్త ఎక్కువైనా, పొరపాటున తప్పు డబ్బా పోసే ప్రమాదం ఉండదు. కొన్ని బి.ఎస్.-6 బండ్లు 5డబ్ల్యూ-30నూ, మరో గుర్తునూ కోరుతాయి. అక్కడ పుస్తకంలో ఉన్నదే తప్ప మరొకటి వద్దు.

ఇక ఎండ మాట. రోళ్లు పగిలే రోహిణి కార్తెలోనైనా థర్మోస్టాట్, రేడియేటర్ కలిసి ఇంజన్ నీటి వేడిని దాదాపు 90 డిగ్రీల దగ్గరే నిలుపుతాయి. అవసరానికి మించి చిక్కగా ఉన్న ఆయిల్, స్టార్ట్ చేసిన తొలి క్షణాలలో టర్బో బేరింగులకు ఆలస్యంగా అందుతుంది.

ప్రశ్న: ఆయిల్ మార్పించిన వారానికే నల్లబడింది. నకిలీదని అనుమానం. మార్చేటప్పుడు ఏం గమనించాలి?
— ఒక పాఠకుడు, చీమకుర్తి

సమాధానం: నలుపును బట్టి నకిలీ అనలేము. డీజిల్ ఇంజన్‌లో పుట్టే మసిని అడుగుకు చేరనీయకుండా తనలోనే తేల్చి ఉంచడం ఆయిల్ పని. నల్లబడిందంటే ఆ పని చేస్తున్నదన్నమాట. నకిలీ భయం ఉంటే సీల్ మీ కళ్లముందు తీయించి, ఖాళీ డబ్బాకు రంధ్రం చేసి మరీ పారవేయండి.

మీ ఊరిలో నేను ఎక్కువగా భయపడేది గ్రానైట్ దుమ్ముకు. ఎయిర్ ఫిల్టర్ చిరిగినా, దాని తరువాతి గొట్టపు క్లిప్పు వదులైనా ఆ సన్నని పొడి నేరుగా సిలిండర్‌లోకి వెళ్లి రింగులను అరగదీస్తుంది, ఆపైన ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా ప్రయోజనం లేదు. క్వారీ దారులలో తిరిగే బండికి పుస్తకంలోని మామూలు కిలోమీటర్లు కాక, కఠిన వాడకానికి రాసిన తక్కువ గడువే లెక్క.

ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడు దింపితే మసి కూడా వెంట వస్తుంది. డ్రెయిన్ నట్టు వాషర్‌ను, ఆయిల్ ఫిల్టర్‌ను ప్రతిసారీ మార్పించండి. పాత ఫిల్టర్ ఉంచేస్తే అందులోని మురికి ఆయిల్ కొత్తదానిలో కలుస్తుంది. కొందరు చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే గిన్నె) కడగడానికి కిరోసిన్ పోసి ఇంజన్ ఆడిస్తారు, దానికి ఒప్పుకోకండి. కొత్త ఆయిల్ పోశాక కాసేపు ఇంజన్ నడిపి, ఆపి, సమమైన నేల మీద కొన్ని నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూడాలి. పై గీత దాటితే అదనపు ఆయిల్ దింపించాలి.

ప్రశ్న: ఆయిల్ పోయకుండానే నా బి.ఎస్.-6 బండి డిప్‌స్టిక్‌పై మట్టం పెరుగుతోంది. ఎందుకు?
— ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: ఊరిలోనే కొద్దికొద్ది దూరాలు తిరిగే బండ్లలో ఇది కనబడుతుంది. మసి ఫిల్టర్‌ను వేడెక్కించడానికి కొన్ని ఇంజన్లు సిలిండర్‌లోకి ఆలస్యంగా అదనపు డీజిల్ చిమ్ముతాయి. శుభ్రం పూర్తికాకముందే బండి ఆపితే ఆ పని పదేపదే మొదలై, డీజిల్ కొంత గోడల వెంట చాంబర్‌లోకి దిగి ఆయిల్‌ను పలుచన చేస్తుంది. మట్టం పై గీత దాటితే గడువు దాకా ఆగక ఆయిల్ మార్పించండి. ఇకపై ఫిల్టర్ దీపం వెలిగినప్పుడు జాతీయ రహదారి ఎక్కి, అది ఆరేదాకా ఒకే వేగంతో నడపండి. ఆయిల్ పాలు కలిసిన కాఫీ రంగులో ఉంటే అది డీజిల్ కాదు, నీరు దిగుతున్నట్లు లెక్క. అప్పుడు బండిని నడపకుండా లాగించి వర్క్‌షాపుకు చేర్చండి.