రంజాన్ మధ్యలో ఫ్లైట్ ఎక్కే మనోళ్ళకి

బొబ్బిలి నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసాడు, వెల్డర్‌గా కువైట్ వస్తన్నాడంట. "అన్నా, సగం రోజాలు (ఉపవాసాలు) ఊళ్ళో సగం అక్కడా అయితే లెక్క ఎలగ?" అన్నాడు. ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఇదే అడుగుతారు, అందుకే రాసీస్తన్నాను.

గల్ఫ్‌లో నెల మామూలుగా మనకంటే ఒకరోజు ముందే మొదలవుతాది కదా, మీరేమో విజయనగరంలో లేటుగా మొదలెట్టి ఇక్కడికొచ్చి ఇక్కడోళ్ళతో పండగ చేసుకుంటారు, ఇక్కడ 29కే నెలవంక కనపడిపోయిందనుకోండి, మీకు 28 రోజాలే అవుతాయి. నెలంటే 29కి తక్కువ ఉండదు, కాబట్టి పండగ అయ్యాక ఒకటి కజా, అంటే తగ్గిన దానికి బదులు రోజా, ఉండాలి. పండగ రోజున మాత్రం ఉండకూడదు. సెలవుకి ఊరెళ్ళినోళ్ళకి తిరగబడి 31 కూడా పడొచ్చు, పడితే పడింది, ఊరోళ్ళతోపాటు ఉండీడమే.

ప్రయాణం రోజు రోజా వదిలీయొచ్చు, తర్వాత తీర్చుకోవాలి, ఆ వెసులుబాటు ఖురాన్‌లోనే ఉంది. లేదు ఉంటాను అంటే మాత్రం, సాయంత్రం పూట పడమరకి పోయే ఫ్లైట్‌లో సూర్యుడు ఓ పట్టాన మునగడు, వాచీలో మన టైము ఆరున్నర అయ్యిందని ఖర్జూరం నోట్లో వేసీయకండి, కిటికీలోంచి పూర్తిగా మునిగాకే.

నేనొచ్చిన కొత్తలో, 2016 జూన్‌లో, ఊరి నుంచి తెచ్చుకున్న టైమింగ్ కార్డు గోడకి అంటించి అదే చూసుకునీవోడిని. మన దగ్గర ఆ రోజుల్లో సహరీ (తెల్లారకముందు తినీ తిండి) ఇంచుమించు నాలుగు దాకా, ఇక్కడ మూడుంపావుకే ఫజ్ర్ (తెల్లవారుజాము నమాజు) అజాన్, అది వినపడ్డాక తినకూడదు. మూడున్నరకి తాపీగా చోడి (రాగి) అంబల్లో ఉల్లిపాయ నంజుకుంటంటే రూమ్‌లో మలయాళీ భాయ్ గ్లాసు పట్టుకుని ఆపీసాడు. అప్పటికే నాలుగు రోజులు అలగే తిన్నాను, నాలుగూ మళ్ళీ ఉండాల్సొచ్చింది. కాబట్టి ఊరి కార్డు ఊళ్ళోనే వదిలీండి, ఫోన్ యాప్‌లో ఊరు పేరు మార్చండి.

సహరీలో ఆవకాయ, ఎండుచేప వద్దు, మధ్యాహ్నానికి నాలుక పిడచకట్టుకుపోతాది. మర్చిపోయి నీళ్ళు తాగితే రోజా పోదు, తెలిసి మాత్ర మింగితే పోతాది. షుగరున్నోళ్ళు ముందే డాక్టర్నడగండి, మొండికెయ్యకండి. డ్యూటీ సంగతంటే రంజాన్‌లో ఇక్కడ చట్టం ప్రకారం వారానికి 36 గంటలే, ఫోర్‌మన్‌ని మొహమాటపడకుండా అడగండి.

రోజా లేని మన హిందూ తమ్ముళ్ళకి కూడా ఒక మాట, పగలు బస్‌స్టాపులో వాటర్ బాటిల్ ఎత్తకండి, 1968 నాటి చట్టం ఉంది, 100 దీనార్ల దాకా ఫైను, నెల దాకా జైలు కూడా పడొచ్చు. రూమ్‌లో తలుపేసుకుని తినండి, ఎవరూ ఏటీ అనరు. మగ్రిబ్ (పొద్దుగూకాక నమాజు) వేళకి మసీదు బయట సుప్రా (కింద కూర్చుని తినడానికి పరిచీ గుడ్డ) పరిస్తే మీరూ కూర్చోండి, కులమేటి మతమేటి అని ఎవరూ అడగరు, నా శ్రీకాకుళం రూమ్మేటు బిర్యానీ కోసం నాకంటే ముందెళ్ళి చోటు పట్టీవోడు.

బొబ్బిలి తమ్ముడూ, వచ్చీటప్పుడు రెండు కేజీలు చోడిపిండి పట్రా, ఒకటి నాకు.